తాత ఆట పుస్తకంలోకి ఎక్కాలంటే

ప్రశ్న: మా తాత పేరున్న కబడ్డీ ఆటగాడు. మొన్న దసరా ముందు పోయిండు. సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నాం. రెండు సర్టిఫికెట్లే దొరికాయి. ఏం చేయాలి?
– ఒక మనుమడు, సిద్దిపేట

జవాబు: కాగితాలు ఆగుతాయి, మనుషులు ఆగరు. ముందు తాతతో ఆడినవాళ్ల దగ్గరికి వెళ్లండి, అందరికంటే పెద్దాయనతో మొదలుపెట్టి. ‘తాత ఎట్లుండేటోడు’ అనడిగితే ‘దేవుడసొంటోడు’ అంటారు, అంతే. కూతకు పోయేముందు ఏం చేసేవాడు, ఏ మోకాలికి పట్టీ కట్టేవాడు, ఓడిననాడు ఇంట్లో ఎవరి మీద కోపం చూపేవాడు? ఇవి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. నానమ్మను మరవొద్దు.

1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణాలు తెచ్చిన హైదరాబాదీ కోచ్ రహీం 1963లోనే పోయారు. ఆయన కథను తర్వాతి తరాలకు చెబుతూ వచ్చిన కొడుకు, 1960 ఒలింపియన్ హకీం 2021లో వెళ్లిపోయారు. కథ చెప్పేవాళ్లూ ఎల్లకాలం ఉండరు, అందుకే ఆలస్యం చేయొద్దు.

ఇక కాగితాల సంగతి. సిద్దిపేట జిల్లా అయింది 2016 అక్టోబరు 11న. కాబట్టి పాత రికార్డులు, పత్రికల వార్తలు మెదక్ జిల్లా కింద వెతకండి. పాత ఫొటోలను లామినేషన్ చేయించకండి. స్కాన్ చేసి, వెనక పెన్సిల్‌తో పేర్లు రాయండి. ఆధారం లేకుండా ‘రాష్ట్రస్థాయి’ అని మాత్రం వేయకండి. ఈ ఆదివారమే బయల్దేరండి.