కాటా దగ్గర నిలబడేవాళ్లకు

పాడేరు,
దీపావళి మర్నాడు

మేనకోడలికి,

మన కాఫీ రైతుల సంఘంలో నీకు తోటల తనిఖీ పని దొరికిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. "ఏముందన్నయ్యా, తోటలకి తిరిగి ఫారాలు నింపడమేగా" అని కూడా అంది. నేనేమీ అనలేదు. ఆ పనిలో చేరిన మొదటేడు నేనూ అదే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ముందు కాటా సంగతి విను.

మా చిన్నప్పుడు సంతలో షావుకారు స్ప్రింగు కాటా చెట్టుకొమ్మకి వేలాడేది. బుట్ట తగిలించి, ముల్లు ఆగకముందే అంకె చెప్పేసేవాడు. ఆపైన తరుగు. తడి ఉందని ఒక కిలో, ఆకులున్నాయని అరకిలో, బస్తా బరువని ఇంకో కిలో. మీ తాతయ్య చదువుకోలేదు గానీ లెక్క రానివాడు కాదు. అయినా నోరెత్తేవాడు కాదు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అప్పు బియ్యం తెచ్చింది ఆ షావుకారు దగ్గరే మరి. కాయ చెట్టున పచ్చిగా ఉండగానే అది ఎవరికి, ఎంతకి పోతుందో తేలిపోయేది. సంఘం పెట్టుకున్నప్పుడు మేం కొన్న మొదటి వస్తువు కాటా. రెండోది పద్దు పుస్తకం. కుర్చీలు మూడేళ్ల తర్వాత వచ్చాయి.

ఈ కొండలకి కాఫీ కొత్త కాదు. 1898లోనే పాములేరు లోయలో వేశారు. తర్వాత అటవీ శాఖ వేసింది, ఆపైన పోడు మాన్పించాలని గిరిజన కుటుంబాలకీ మొక్కలిచ్చారు. కొనడానికి 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఉంది, సంత షావుకార్లు ఎలాగూ ఉన్నారు. రైతులే యజమానులుగా, సర్కారు వాటా ధనం లేకుండా, తమ నియమాలు తామే రాసుకుని సంఘం పెట్టుకునే వీలు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టంతో వచ్చింది. అరకు చుట్టుపక్కల చిన్న, సన్నకారు గిరిజన రైతులు నాంది ఫౌండేషన్ తోడుతో 2007లో కట్టుకున్న పెద్ద సంఘం అలాంటిదే. పదేళ్లు తిరిగేసరికి, 2017లో, అరకు పేరుతో పారిస్‌లో కొట్టు తెరిచారు. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పారిస్ మాట వచ్చినప్పుడల్లా మనవాళ్ల మొహాలు వెలిగిపోతాయి, వెలగనీ. కానీ నీ పని ఆ కొట్టు అద్దాల దాకా పోదు. చింపిరి ఫారం దగ్గర మొదలై గోడౌను తలుపు దగ్గర ఆగిపోతుంది.

మన సరుకు అమ్మే ఫెయిర్ ట్రేడ్ పద్ధతి, అంటే రైతుకి న్యాయమైన ధర దక్కాలనే పద్ధతి, ఏదో తెల్లవాళ్ల దానధర్మమని ఊళ్లో అనేవాళ్లున్నారు. నువ్వు ఆ మాట నమ్మకు. దాని పుట్టుకలో మనలాంటి వాళ్లే ఉన్నారు. మెక్సికోలో ఓహాకా అనే కొండప్రాంతం ఉంది. అక్కడి ఆదివాసీ కాఫీ రైతుల సంఘం పేరు ఉసీరి. మన ఉసిరికాయలాగే పలుకుతుంది చూశావా! వాళ్లతో కలిసి పనిచేసిన డచ్చి మతగురువు ఒకాయన, స్వదేశంలో ఇంకొకాయనతో చేయి కలిపి, 1988లో నెదర్లాండ్స్‌లో మాక్స్ హావెలార్ అనే ఫెయిర్ ట్రేడ్ ముద్ర తెచ్చాడు. అది 1860 నాటి ఓ నవలలో నాయకుడి పేరు. జావాలో కాఫీ పండించే జనాన్ని డచ్చి పాలన ఎలా పీల్చిందో చెప్పే నవల అది. మరుసటేడే దేశాల మధ్య ఉన్న కాఫీ కోటాల ఒప్పందం కూలి ధరలు నేలకి దిగాయి. అప్పటికి ఆ ముద్ర చేతిలో ఉన్నవాళ్లు కొంచెమైనా ఊపిరి పీల్చుకున్నారు.

ఇక లెక్క. రైతులు నిన్నే అడుగుతారు కాబట్టి తడుముకోకుండా చెప్పాలి. కడిగి ఆరబెట్టిన అరబికాకి 2023 ఆగస్టు నుంచి పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఫెయిర్ ట్రేడ్ కనీస ధర 1 డాలరు 80 సెంట్లు. సేంద్రియమైతే ఇంకో 40 సెంట్లు. ఇవిగాక 20 సెంట్ల ప్రీమియం. ప్రీమియం ఎవరి జేబుకీ పోదు, సంఘానికి వస్తుంది. దాంతో ఏం చేయాలో సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి తేల్చుకోవాలి, అందులో 5 సెంట్లు మాత్రం దిగుబడికీ నాణ్యతకీ పెట్టి తీరాలి. సంఘం కోరితే ఒప్పందం విలువలో 60 శాతం దాకా కొనుగోలుదారు ముందుగా ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. వానాకాలం బియ్యం అప్పు గుర్తుంచుకుని చదివితే ఆ నియమం విలువ తెలుస్తుంది.

అయితే ఒక తిరకాసు. ఆ ధర ఓడకెక్కించే పచ్చి గింజకి, చెట్టు మీది పండుకి కాదు. నూరు కిలోల పండు పట్టిస్తే పార్చ్‌మెంట్, అంటే పొట్టుతో ఆరిన గింజ, ఇరవై కిలోలు, పొట్టు తీస్తే గింజ పదహారు, మహా అయితే పదిహేడు. మర ఖర్చు, లారీ కిరాయి, బస్తాలు అన్నీ అందులోంచే. ఇది విడమరిచి చెప్పకపోతే డాలరు లెక్క విన్న రైతు ఇంటికెళ్లి రూపాయల్లోకి మార్చుకుని, మనం మధ్యలో తినేశామనుకుంటాడు. అనుకున్నారు కూడా.

ధర పడిపోతే సంఘం విడిపోతుందని నువ్వు భయపడుతుంటావు. నా అనుభవం తలకిందులు. పడ్డప్పుడు అందరూ వచ్చి కాటా ముందు వరస కడతారు. లేచినప్పుడే చూసుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బజారులో అరబికా పౌను 4 డాలర్లు దాటింది. కనీస ధర గురించి అడిగే నాథుడే లేడు. ముంగిట్లోకి బండి తెచ్చి నోట్లు లెక్కపెట్టే వ్యాపారి ఒకవైపు, సగం ఇప్పుడు, మిగతాది అమ్మాక అనే సంఘం మరోవైపు. అప్పుడు బండికి పోసినవాణ్ణి దొంగలా చూడకు. పిల్లాడి ఫీజు కట్టాల్సి ఉంటుంది. ఎన్ని బస్తాలు బయటికి పోయాయో అడిగి, నిజం చెప్పించుకుని, పుస్తకంలో రాసుకో. సంఘం ఇస్తానన్న సరుకు ఎంత తగ్గుతుందో నీకు డిసెంబరులో తెలియాలి గానీ మార్చిలో కాదు.

ఇప్పుడు నా తప్పు. అప్పట్లో నాకు ముప్పై తోటలు. పదహారు తిరిగాను. వాన పట్టింది, జలగలు. మిగతా ఫారాలు వీధరుగు మీద కూర్చుని నింపేశాను. అందరూ తెలిసినవాళ్లే, మందు కొట్టే స్తోమతు ఎవరికీ లేదు, చూసేదేముంది? జనవరిలో సర్టిఫికెట్ తనిఖీకి బయటి మనిషి వచ్చాడు. ముప్పైలో అయిదిళ్లు తనకి తోచినవి ఎంచుకున్నాడు. మూడో ఇంట్లో చెప్పులు విప్పి, నిచ్చెన అడిగి, అటకెక్కాడు. అక్కడ పార్చ్‌మెంట్ పోసిన బస్తా మీద యూరియా బొమ్మ. పల్లంలో వరికి వేసిన బస్తా కడిగి దాచుకున్నారు, అంతే. ఆయన దిగొచ్చి నా ఫారం అడిగాడు. "బస్తాలు: శుభ్రమైన గోనె" అని నా చేతిరాత. ఆయన ఒక్క మాటా అనలేదు, ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. సర్టిఫికెట్ మనిషికి కాదు, గుంపుకి ఇస్తారు. ముప్పై తోటలూ మళ్లీ తిరిగేదాకా అది ఆగింది. ఈలోగా కొనేవాడు వేరే చోట సరుకు చూసుకున్నాడు. ఆ ఏడు మా సేంద్రియం కాఫీ మామూలు కాఫీగా పోయింది. ఆ ఇంటావిడ నాతో అన్న మాట: "మీరొకసారి అటకెక్కి చూసుంటే, అందులో పొయ్యకూడదని చెప్పేవోరు కదా బాబూ."

కాబట్టి అటకలెక్కు. పండు కోతకి ముందే చెట్లు లెక్కపెట్టి, కాపు చూసి, ఈ తోటకి ఇంత రావచ్చని అంచనా రాయి. ఆ అంకె గీత లాంటిది. నాలుగు వందల కిలోలు రావాల్సిన తోట పేరు మీద ఏడు వందలు కాటాకెక్కితే, మిగతా మూడు వందలు ఎవరివి? బావమరిదివి కావచ్చు, కొని తెచ్చినవి కావచ్చు. నవ్వుతూనే అడుగు, తూకం మాత్రం ఆపు.

తోటలో పెరిగినదానివి, పండు గురించి నీకు చెప్పక్కర్లేదు. అయినా పల్పింగు, అంటే పండు తొక్క ఒలిచే పని, దగ్గర ఒకటి. సాయంత్రానికి వచ్చిన పండు రాత్రికి నిలవ ఉంచకు. తొట్టిలో పోస్తే తేలినవి తీసి పక్కన పెట్టించు. పులియబెట్టడానికి గడియారం చూసి గంటలు చెప్పేవాళ్లని నమ్మకు. చలి రాత్రికి ఎక్కువ పడుతుంది, ఉక్కరోజు తక్కువ. పిడికెడు గింజలు నీళ్లలో కడిగి అరచేతుల మధ్య రుద్దు. జిగురు పోయి గులకరాళ్లలా గరగరమంటే అయినట్టు. ఇంకా జారుతుంటే ఆగు. దాటితే పుల్లటి కంపు గింజలో దిగుతుంది, అదిక పోదు.

కాయతొలుచు పురుగు సంగతి మాత్రం గట్టిగా పట్టుకో. మన దేశంలో అది మొదట 1990లో నీలగిరుల్లోని గూడలూరులో కనబడింది. మన కొండలకి రాదులే అనుకుంటూ గడిపాం. 2025లో అరకు మండలంలో బయటపడింది. మనకి విషాల దారి లేదు. చెట్టునా నేలమీదా ఒక్క కాయ మిగలకుండా ఏరించడం, పట్టినవాటిని మరిగే నీళ్లలో ముంచి పాతిపెట్టడం, ఎర బుడ్లు వేలాడదీయడం, అంతే. ఒక్క తోట వదిలేసినా చుట్టూ ఉన్నవాళ్ల పని వృథా. ఆకుతెగులుకి మైలుతుత్తం, సున్నం కలిపిన మందు సేంద్రియంలోనూ చెల్లుతుంది గానీ దానికీ హద్దుంది, ఎంత కొట్టారో రాయించు.

ఇంకో మాట రాసి ముగిస్తాను, కరెంటు పోయేలా ఉంది. నీ జాబితాలో గెడ్డ అవతలి తోట ఒకటుంటుంది. అందులో పేరు మగాయనది. ఆయన పోయి రెండేళ్లయింది. కోసేది, మోసేది, కాటా దగ్గర నిలబడేది ఆవిడ. చిట్టీ ఆయన పేరున రాస్తున్నారు, డబ్బు పడే ఖాతా కొడుకుది, వాడేమో విశాఖలో ఉంటున్నాడు. నేనున్నప్పుడే మార్చాల్సింది, పట్టా కాగితం దొరకలేదని వాయిదా వేస్తూ పోయాను. కాగితం దొరికిందట. కోత మొదలయ్యేలోపు ఆవిడ్ని సభ్యురాలిగా రాయించి, బ్యాంకుకి నువ్వే వెంటబెట్టుకెళ్లు. వేలిముద్ర అరిగిపోయి యంత్రం తీసుకోదు, రెండుసార్లు వెళ్లాల్సి వస్తుంది.

మీ అమ్మకి నా మాటగా చెప్పు, ఒక జత పాత బూట్లు నీకు పంపుతున్నాను. జలగలకి పొగాకు నీళ్లు రాయి.

మీ మావయ్య