రోహిణీ కార్తె, నౌతపా, గృహోష్ణలేఖనము

దుర్గు జిల్లాలోని భిలాయిలో సోవియట్ సహకారముతో నిర్మింపబడిన ఉక్కు కర్మాగారపు తొలి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించిరి. ఆ కర్మాగారమున కొలువు నిమిత్తము వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు రోహిణీ కార్తె యను మాటను వెంట తెచ్చుకొన్నవి. ఇరుగుపొరుగువారు ఇంచుమించు ఆ దినములనే నౌతపా యందురు. మే 25 ప్రాంతమున సూర్యుడు రోహిణీ నక్షత్రమున ప్రవేశించుటయే రెండింటికిని ఆరంభము. భేదము అవధిలోనిది: నౌతపా తొమ్మిది దినములు, కార్తె సుమారు రెండు వారములు. ఎండ తీవ్రతకు ఏ మాట సరిపోవునో తేల్చుటకు నిఘంటువు చాలదు. దినదినపు లెక్క కావలెను.

1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ లెక్క యుండనే యున్నదని కొంద రనవచ్చును. కాని ఆ శాఖవారి ఉష్ణమాపకము, ఎండ తగులక గాలి యాడునట్టి పలకల పెట్టెలో, ఆరుబయట నుండును. పగలెల్ల కాగిన కాంక్రీటు కప్పు రాత్రి విడుచు వేడిని, ఆ కప్పు క్రింద నిదురపట్టక పొరలు వృద్ధురాలి గది స్థితిని అది తెలుపజాలదు.

ఆ లెక్క వ్రాయుటకు ఇంటిలోని ఇంటర్నెట్టు రూటరే చాలును. అది రేయింబవళ్లు మేల్కొనియుండు చిన్న కంప్యూటరు. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యను లినక్స్ వ్యవస్థ దానికి పొసగి, బోర్డుపై ఖాళీ జీపీఐఓ పిన్ను ఉన్నచో, డీఎస్18బీ20 అను సెన్సారును మూడు తీగలతో కలుపవచ్చును. ఒకటి 3.3 వోల్టుల విద్యుత్తునకు, ఒకటి గ్రౌండునకు, ఒకటి సమాచారమునకు. మొదటిదానికిని చివరిదానికిని నడుమ 4.7 కిలోఓముల రెసిస్టరు ఉండవలెను. ప్రతి సెన్సారునకును తనదైన 64 బిట్ల సంఖ్య కలదు గనుక ఒకే తీగపై పలు గదుల సెన్సార్లను గుర్తింపవచ్చును. సెన్సారును రూటరునకు దూరముగా వ్రేలాడదీయవలెను. లేనిచో అది రూటరు వేడినే గది వేడిగా చెప్పును.

ఇచ్చట ప్రాచీన ప్రతులను పరిష్కరించువారికి పరిచితమైన సమస్య యెదురగును. యంత్రము 38562 అని వ్రాయును, అనగా 38.562 డిగ్రీలు. మూడు దశాంశములు చూచి మురియరాదు. గది వేడిమి ప్రాంతమున ఈ సెన్సారునకు అర డిగ్రీ అటునిటు దోషము సంభవమే. ఒక్కొక్కప్పుడు హఠాత్తుగా 85 డిగ్రీలు కనబడును. భిలాయి ఎండ ఎంతటిదైనను గదిలో అంత వేడి యుండదు. విద్యుత్తు అందినంతనే, కొలత ముగియకముందు, సెన్సారులో నుండు ఆరంభపు అంకె అది; పూర్తి కొలతకు ముప్పాతిక సెకను పట్టును. అట్టి దానిని చెరుపక ప్రక్కన గుర్తుంచుట మేలు. లేఖకుని ప్రమాదము సైతము ప్రతి చరిత్రలో భాగమే గదా.

కాలదోషము ఇంతకంటె గడ్డు. సాధారణ గృహ రూటరులో బ్యాటరీ గడియారముండదు. కరెంటు పోయి వచ్చినపుడు, ఇంటర్నెట్టునుండి వేళను తెలిసికొనువరకు, అది ఏదో పాత తేదీనే వేయును. తేదీ చెడిన లెక్క గద్య లేని తాళపత్ర ప్రతివంటిది; అది రోహిణిలోనిదో మృగశిరలోనిదో తెలియదు. కావున వేళ సరిపడిన పిమ్మటనే లేఖనము మొదలగునట్లు ఏర్పరుపవలెను. రూటరు లోపలి ఫ్లాష్ స్మృతి పదేపదే వ్రాసినచో అరుగును. యూఎస్‌బీ పుల్లపై వ్రాయుట క్షేమము.

హిందీ తాపమాన్ అన్నను తెలుగు ఉష్ణోగ్రత అన్నను ఈ సెన్సారు చెప్పు అంకె యొక్కటే. ఉక్కపోత మాత్రము దానికి అందదు. అది తేమకు సంబంధించినది. మృగశిర ప్రవేశించి తొలకరి పడిన పిదప అంకె దిగినను గదిలోని వృద్ధురాలికి ఊరట కలుగకపోవచ్చును. అందులకు తేమను కొలుచు సెన్సారును వేరుగా కలుపవలసి యుండును.