పీఠమెక్కిన పిదప విద్య

లోకవ్యవహారమున ‘కాలక్షేపము’ అన్న మాటకు ప్రొద్దుపుచ్చుట యను నర్థము స్థిరపడినది. ఉద్యోగవిరమణ చేసిన పెద్దలను కుశలమడిగినచో “ఏదో కాలక్షేపము” అని బదులు చెప్పుట నిత్యము వినుచున్నాము. శ్రీవైష్ణవ పరిభాషలో ఆ మాటకే ఆచార్యసన్నిధిని కూర్చుండి ఒక గ్రంథమును సార్థముగా వినుట యని అర్థము. తల నెరసినవారిని సైతము “ఎవరియొద్ద కాలక్షేపము చేసితిరి?” అని అడుగుట మన పెద్దలకు పరిపాటి. అది వారిని తక్కువచేయుట కాదు.

ముప్పదియేండ్లు ఒక వృత్తియందు గడపినవానికి క్రొత్తగా నేర్చుకొనుట కష్టమగుచున్నది. జ్ఞాపకశక్తి సన్నగిల్లుటయే కారణమని పలువురు చెప్పుదురు. అది కొంతవరకే నిజము. నలుగురు తన్ను అడిగి తెలిసికొనుటకు అలవాటుపడిన పిదప తాను మరియొకరిని అడుగుటకు నోరు రాదు. బడిపంతులునకైనను, కచేరీలో పై అధికారికైనను, పురాణప్రవచనము చేయు పండితునకైనను ఇదియే చిక్కు. గురుపరంపరా చరిత్రలను ఈ దృష్టితో చదివినచో ఎంతో ధైర్యము కలుగును.

భగవద్రామానుజులు (1017–1137) సన్న్యసించి, శ్రీరంగమున మఠనాయకులై, ఆలయనిర్వాహభారమును వహించిన పిదపనే వారి అసలైన విద్యార్థిదశ మొదలైనదని చెప్పవచ్చును. వారు తొలిసారి శ్రీరంగము చేరునప్పటికే యామునాచార్యులు పరమపదించియుండిరి. ఆ మహనీయుని విద్య ఆయన శిష్యులలో ఒక్కొక్కరియొద్ద ఒక్కొక్క భాగముగా నిలిచియుండెను. దానిని ప్రోగుచేయుటకై రామానుజులు అయిదుగురు పెద్దలను ఆశ్రయించిరి. గోష్ఠీపూర్ణులకొరకు పదునెనిమిదిమార్లు తిరిగిన కథ అందరెరిగినదే. వరరంగులయొద్ద ఆరుమాసములు పాలు కాచియిచ్చుచు, పసుపు నూరియిచ్చుచు శుశ్రూష చేసిరని చరిత్రలు చెప్పుచున్నవి. మఠాధిపతి మరియొకరి యింట పసుపు నూరుట ఎట్టిదో పాఠకులు ఒక్కసారి భావింపుడు!

మాలాధరులయొద్ద తిరువాయ్మొళి వినునప్పుడు వేరొక కథ జరిగినది. ఒకానొక పాశురమునకు రామానుజులు మరియొక అర్థము విన్నవింపగా, అది యామునులు చెప్పినది కాదని, విశ్వామిత్రసృష్టి యని కోపించి మాలాధరులు పాఠము నిలిపివేసిరి. గోష్ఠీపూర్ణులు ఈ సంగతి విని, తాము యామునులయొద్ద ఆ అర్థమునే వింటిమని తెలిపిరి. మాలాధరులు మరల పాఠము సాగించిరి. అంతతో విడువక తమ కుమారుని రామానుజులకు శిష్యునిగా అప్పగించిరి. ఈ కథలో నాకు రామానుజుల సూక్ష్మబుద్ధికంటె ఈ వృద్ధాచార్యుని తిరిగి వచ్చుటయే గొప్పగా తోచుచుండును.

ఇక తిరుమలకు వచ్చుదము. రామానుజులు తమ మేనమామయగు తిరుమలనంబులయొద్ద ఒక సంవత్సరము శ్రీమద్రామాయణమును వినిరి. స్వామికి తీర్థకైంకర్యము చేయు ఆ వృద్ధుడు ప్రతిదినము కొండ దిగివచ్చి పాఠము చెప్పెడివారట. మెట్లదారిని పోవు యాత్రికులు సేవించు అలిపిరి పాదాలమండపమునకు ఈ వృత్తాంతముతో సంబంధించిన ఐతిహ్యము కలదు. రామానుజులు కొండ యెక్కివచ్చిన దినమున నంబులు స్వయముగా ఎదురేగిరి; ఎవరినైన చిన్నవారిని పంపరాదా యని రామానుజులు నొచ్చుకొనగా, నాలుగు వీథులును వెదకితిని, నాకంటె చిన్నవాడు కనబడలేదని వారు చెప్పిరట. చెప్పువాడును వినువాడును ఇట్టివారైనచోట పాఠమునకు వయస్సు అడ్డుపడునా?

గృహస్థులకు ఇంత సాధ్యమా యని కొందరు సంశయింతురు. సంవత్సరము అక్కరలేదు. ధనుర్మాసమున పెక్కు ఆలయములలో తిరుప్పావై ముప్పది పాశురములను దినమునకొకటి చొప్పున సార్థముగా చెప్పుదురు. ఒక్క నెల తెల్లవారుజామున లేవగలిగిన చాలును. వంటయింటి పనిచేత జీవితమంతయు వినుటకు తీరిక దొరకని తల్లులను ఆ నెల ముందు వరుసలో కూర్చుండబెట్టుట ఇంటివారి బాధ్యత.

అన్నిటికంటె అపురూపమైనది నంజీయరుల చరిత్ర. పూర్వాశ్రమమున వారు మాధవులను పేర మేలుకోట ప్రాంతమున ప్రసిద్ధ వేదాంతి. శిష్యులు, సంపద సమృద్ధిగా గలవారు. పరాశరభట్టరు వారియొద్దకు వెళ్ళి వాదమున గెలిచిరి. ఓడిన పండితులు సాధారణముగ మరియొక వాదమునకు సిద్ధపడుదురు. మాధవులు అట్లు చేయక, భార్యలకు ధనము పంచియిచ్చి, సన్న్యసించి శ్రీరంగమునకు వచ్చి, తమ్ము గెలిచినవారి పాదములకడ దివ్యప్రబంధమును మొదటినుండి నేర్చుకొనిరి. పిదప తిరువాయ్మొళికి తొమ్మిదివేల గ్రంథముల పరిమితిగల వ్యాఖ్యానమును రచించిరి. ముప్పదిరెండక్షరములు ఒక గ్రంథమని లెక్క.

దానికి మంచి ప్రతి వ్రాయింపగోరి వరదరాజులను యువకునకు తాటాకుల మూలప్రతిని అప్పగించిరి. అతడు స్వగ్రామమునకు పోవుచు కావేరి దాటునప్పుడు వరద వచ్చి ఆ కట్ట కొట్టుకొనిపోయెను. అతడు ఇంటికి చేరి, గురుముఖమున వినినదానిని స్మరించి గ్రంథమంతయు తిరిగి వ్రాసెను. తనకు తోచిన విశేషార్థములనుకూడ అక్కడక్కడ చేర్చెను. తెచ్చి సమర్పింపగా నంజీయరులు చదివి, ఇది తాము వ్రాసినంతమాత్రము కాదని గుర్తించి, నిజము చెప్పుమనిరి. అతడు భయపడుచు జరిగినది విన్నవించెను. ఇంకొకరైనచో తమ పాఠమునే మరల వ్రాయింతురు. నంజీయరులు శిష్యుని కౌగిలించుకొని, ‘నంపిళ్ళై’ యని పేరిడి, ఆ ప్రతినే అంగీకరించిరి. నేటికిని ఆ వ్యాఖ్యానము నంజీయరుల పేరుననే ప్రసిద్ధము. కావేరి కొనిపోయిన ఆకులలోని పాఠము ఎట్లుండెనో ఎవ్వరు నెరుగరు.