పసుపా, సముద్రపు నాచా? ఆహార అనుపూరకాల ఎంపికలో మోతాదు విచారణ

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని దుత్తలూరు వంటి మండలాలలో విస్తరణ శాస్త్రవేత్తను రైతులు పంటల గురించే గాక, మూలికా మాత్రల గురించీ ప్రశ్నించడం సహజం. పసుపు మాత్ర మేలా, సముద్రపు నాచు మాత్ర మేలా అన్న ప్రశ్నను ఒకే కొలబద్దతో తేల్చరాదు. మొదటిదానిలో చూడవలసినది కర్కుమిన్, రెండవదానిలో అయొడిన్.

ఎండు పసుపులో కర్కుమిన్ సాధారణంగా 2 నుంచి 5 శాతం. ప్రభ, ప్రతిభ రకాలలో 6 శాతం పైబడి ఉంటుంది. ప్రేగులు దానిని స్వల్పంగానే గ్రహిస్తాయి. మిరియాలలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు తోడైనపుడు ఆ గ్రహణం సుమారు 20 రెట్లు పెరిగినట్లు 1998లో ప్రచురితమైన బెంగళూరు అధ్యయనం చూపింది. మిరియాల చారు కాచే ఇంటికి ఈ సంగతి కొత్త కాదు. ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త సంఘం కిలో శరీర బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల వరకు కర్కుమిన్‌ను అంగీకరించింది; 60 కిలోల వ్యక్తికి ఇది 180 మిల్లీగ్రాములు. కూరలో పడే గ్రామున్నర పసుపు నుంచి లభించేది దాదాపు 45. గాఢ సారంతో చేసిన 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే ఆ హద్దును దాటుతుంది. పసుపు అనుపూరకాలు వాడినవారిలో కాలేయవాపు కేసులు 2019లో ఇటలీలో నమోదైనందున, వంట పసుపుకున్న మంచిపేరును మాత్రకు అంటగట్టరాదు.

సముద్రపు నాచు విషయంలో చిక్కు మరింత పెద్దది. జాతిని బట్టి గ్రాము ఎండు నాచులో అయొడిన్ 16 మైక్రోగ్రాముల నుంచి 8,000కు పైగా ఉంటుంది. పెద్దలకు రోజుకు కావలసినది 150 మాత్రమే. సీసాపై జాతి పేరు, అయొడిన్ పరిమాణం లేని మాత్రను సిఫారసు చేయరాదు. థైరాయిడ్ మందు వాడేవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా తీసుకోరాదు. హిజికి అనే నాచులో అకర్బన ఆర్సెనిక్ అధికంగా ఉండటం వల్ల 2004లో బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ దానిని తినవద్దని హెచ్చరించింది.

కనుక మాత్ర కంటే ముందు అడగవలసినది ఆ ఇంట వాడే ఉప్పు గురించి. కిలోకు 15 మిల్లీగ్రాముల అయొడిన్ ఉన్న ఉప్పు 5 గ్రాములు రోజు అవసరంలో సగం తీరుస్తుంది; తక్కినది పాలు, గుడ్లు, చేపల నుంచి రావచ్చు. అయొడిన్ కలపని కల్లుప్పు మాత్రమే వాడుతుంటే, తక్కువ ఖర్చుతో మార్చదగినది ఆ ఉప్పే.

పైరుపై పిచికారీకి అమ్మే సముద్రపు నాచు ద్రావణాలు 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోని జీవ ఉత్ప్రేరకాలు. అవి తాగడానికి తయారైనవి కావని రైతుకు ఈ సందర్భంలోనే చెప్పాలి.