చలి ఊళ్లో చిట్టి చెట్టు

అమెరికాలో షికాగో అనే పెద్ద ఊరు ఉంది. అక్కడ చలి ఎక్కువ. చలికాలంలో మంచు కురుస్తుంది. కుండీలో మట్టి రాయిలా గడ్డ కడుతుంది.

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి అక్కడి కూతురింటికి వెళ్లింది. అది మార్చి నెలాఖరు. ఇంటి వెనక పళ్లెం లాంటి కుండీ ఉంది. అందులో మూరెడు చెట్టు. ఎండిపోయి ఉంది.

"ఇదేం చెట్టే?" అని అడిగింది తల్లి.

"బోన్సాయ్ అమ్మా. ఇది మేపుల్ చెట్టు. కొమ్మలు, వేర్లు కత్తిరిస్తూ పళ్లెంలో చిన్నగా పెంచుతారు. ఈ పద్ధతి చైనాలో పుట్టింది. జపాను వాళ్లు దానికి పేరు తెచ్చారు. కిందటేడు కొన్నాను. చలికి చచ్చిపోయింది. ఇంక నేను కొనను" అంది కూతురు.

తల్లి చెట్టును పెళ్లగించి చూసింది. వేర్లు నల్లగా, మెత్తగా ఉన్నాయి. మట్టి జిగటగా ఉంది.

"చలికి కాదే. నీళ్లు నిలిచి వేరు కుళ్లింది. ఏం మట్టి పోశావు?"

"పెరట్లో మట్టే."

ఆ ఊళ్లో బోన్సాయ్ పెంచేవాళ్ల సంఘం ఉంది. ఇద్దరూ అక్కడికి వెళ్లారు. సంఘంలో ఒక పెద్దావిడ వేర్లు చూసింది. "మీ అమ్మగారి మాట నిజం" అంది. గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచింది. అడ్డంగా పట్టుకుంది. కాసేపటికి నీళ్లు కారడం ఆగింది. తర్వాత నిలువుగా పట్టుకుంది. మళ్లీ నీళ్లు కారాయి.

"లోతు లేని కుండీ అడ్డంగా పెట్టిన స్పాంజి లాంటిది. నీళ్లు తొందరగా దిగవు. మెత్తటి మట్టి పోస్తే వేరుకు గాలి ఆడదు. ఆ నీళ్లు గడ్డ కడితే ఉబ్బుతాయి. కుండీ కూడా పగులుతుంది. అందుకే మట్టి గింజలు గింజలుగా ఉండాలి" అని చెప్పింది.

జపాను నుంచి అకడామ అనే మట్టి గుళికలు వస్తాయి. అవి మంచివే. కానీ దిగుమతి సరుకు. ధర ఎక్కువ. పైగా మెత్త రకం గుళికలు గడ్డకట్టి, కరిగి, మళ్లీ గడ్డకట్టి పొడి అవుతాయి.

చవక సరుకు కూడా ఉంది. మోటారు సామాన్ల షాపుల్లో కాల్చిన మట్టి గుళికలు అమ్ముతారు. నేల మీద ఒలికిన నూనె పీల్చడానికి వాటిని చల్లుతారు. ఏ మందూ కలపనివి కొనాలి. అన్ని రకాలూ పనికిరావు. పరీక్ష చేయాలి.

తల్లి మూడు గ్లాసులు తీసుకుంది. ఒకదాంట్లో పెరటి మట్టి, మిగతా వాటిలో రెండు రకాల గుళికలు వేసింది. నీళ్లు పోసింది. ఏ గ్లాసులో ఏముందో కాగితం మీద తెలుగులో రాసి అంటించింది. ఈమధ్యే నేర్చిన అక్షరాలు అవి. రాత్రి గ్లాసులను ఫ్రీజరులో పెట్టారు. పొద్దున తీశారు. అలా మూడు రాత్రులు చేశారు. తర్వాత వేళ్లతో నలిపి చూశారు. ఒక రకం గుళికలు బురద అయ్యాయి. ఇంకో రకం గట్టిగా ఉన్నాయి. ఆ రకమే కొన్నారు.

తల్లి జల్లెడ పట్టింది. దుమ్ము పారబోసింది. ఆవగింజ కంటే పెద్దవి, శనగగింజ కంటే చిన్నవి ఉంచింది. గుళికలు రెండు పాళ్లు, కోళ్లకు వేసే రాతి నూక ఒక పాలు, పైన్ చెట్టు బెరడు ముక్కలు ఒక పాలు కలిపింది.

"ఈ రాళ్లలో చెట్టుకు బలం ఏముంటుందే?" అంది.

"ఉండదమ్మా. చిగురు ముదిరాక కొద్దికొద్దిగా ఎరువు వేయాలి. వేసవిలో రోజూ తడి చూసుకోవాలి."

చలికి ఓర్చే మేపుల్ మొక్క ఒకటి తెచ్చారు. మొగ్గ విప్పకముందే కుండీ మార్చారు. సెప్టెంబరులో తల్లి తిరిగి ఊరికి వచ్చింది.

నవంబరులో కూతురు ఫోను చేసింది. "ఆకంతా రాలిందమ్మా" అంది.

"అయ్యో! ఇంట్లో పెట్టుకోవే."

"వద్దటమ్మా. ఈ చెట్టుకు చలిలో నిద్ర కావాలట. కానీ వేరు కొమ్మంత చలికి ఓర్చదు. అందుకే కుండీని గోడ పక్కన, గాలి తగలని చోట నేల మీద పెట్టాను. చుట్టూ, పైనా ఎండుటాకులు కప్పాను."

చలికాలం గడిచింది. ఏప్రిల్‌లో మళ్లీ ఫోను మోగింది.

"అమ్మా! ఎర్రగా మొగ్గలు వచ్చాయి!"

గుర్తుంచుకోండి

1. లోతు లేని కుండీలో మెత్తటి మట్టి పోయకూడదు.
2. ధర చూసి కాదు, పరీక్ష చేసి కొనాలి.
3. మన ఊళ్లో ఎండ ఎక్కువ. కుండీ తొందరగా ఆరుతుంది. అందుకే ఇక్కడ తడి నిలిపే కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కొంచెం ఎక్కువ కలపాలి.

చెప్పండి

1. మొదటి చెట్టు ఎందుకు చచ్చిపోయింది?
2. తల్లి గ్లాసుల మీద పేర్లు ఎందుకు రాసింది?
3. మీ ఇంట్లో కుండీకి అడుగున చిల్లు ఉందా? నీళ్లు పోసి చూడండి. ఎంతసేపట్లో దిగాయి?