ముందు అద్దం

కోటేశ్వరరావుది నందిగామ. ఆయన కారు టాక్సీ తోలతాడు. భార్య పేరు రత్నమ్మ. ఆమె డ్వాక్రా సంఘంలో సభ్యురాలు. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు ఇంటి జమాఖర్చు ఆమే రాస్తుంది.

ఒకరోజు పొద్దుగూకే వేళ కారు ఇంటికి వచ్చింది. ముందు అద్దం మీద మూరెడు పగులు ఉంది.

"ఏమైందయ్యా?" అంది రత్నమ్మ కంగారుగా.

"ఇబ్రహీంపట్నం దాటాక కంకర లారీ మీద నుంచి రాయి ఎగిరి పడిందే. రేపు ఆటోనగర్ పోయి అద్దం మార్పిస్తా. సాయంత్రం అయిదింటికి పెళ్లి బాడుగ ఉంది."

"ఎంతవుతుంది?"

"ఫోను చేసి అడిగా. ఒరిజినల్ అద్దం 7,500 అంట. బయటి అద్దం 3,400కే వస్తుందంట. బయటిదే వేయిద్దాం. చూస్తే రెండూ ఒకటే."

"తెల్లనివన్నీ పాలు కావయ్యా. సగం ధరకు ఎందుకిస్తున్నారో తెలియొద్దా? నేనూ వస్తా" అంది రత్నమ్మ.

ఆమె పెట్టెలో నుంచి బీమా కాగితం తీసింది. అది ఇంగ్లీషులో ఉంది. పదో తరగతి చదివే కూతురు చదివి చెప్పింది. అప్పు తీరిపోయాక కోటేశ్వరరావు థర్డ్ పార్టీ బీమా ఒక్కటే కట్టాడు. మన బండి వల్ల ఇతరులకు నష్టం జరిగితే ఆ బీమా పనికొస్తుంది. మన బండికి జరిగిన నష్టానికి డబ్బు రాదు. అద్దం ఖర్చు అంతా చేతి నుంచే పెట్టుకోవాలి.

అద్దంలో ఏముంది?

మర్నాడు ఇద్దరూ విజయవాడ ఆటోనగర్ వెళ్లారు. మొదటి కొట్టులో కుర్రాడు 3,400 అద్దం చూపించాడు. రత్నమ్మ నాలుగు మూలలూ చూసింది. ఎక్కడా ఏ గుర్తూ లేదు.

"ఐ.ఎస్.ఐ. మార్కు ఏది బాబూ?"

"తుడిచేటప్పుడు చెరిగిపోయి ఉంటుందమ్మా."

రత్నమ్మకు నమ్మకం కుదరలేదు. ఇద్దరూ ఇంకో కొట్టుకు వెళ్లారు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. రత్నమ్మ జరిగింది చెప్పింది. ఆయన నవ్వాడు.

"ఆ మార్కు అద్దంలోనే పడి ఉంటుందమ్మా. గుడ్డ పెట్టి తుడిస్తే పోయేది కాదు" అన్నాడు. తర్వాత అద్దం సంగతి విడమరచి చెప్పాడు.

కారు ముందు అద్దం ఒక్క అద్దం కాదు. రెండు పల్చటి అద్దాలు. వాటి మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. బొబ్బట్టులో పూర్ణం ఉన్నట్టు ఆ పొర లోపల ఉంటుంది. దీన్ని లామినేటెడ్ అద్దం అంటారు. రాయి తగిలితే ఇది పగులుతుంది. కానీ ముక్కలు పొరకు అంటుకునే ఉంటాయి. కంట్లో పడవు. గుద్దుకున్నప్పుడు మనిషి బయటికి పడిపోకుండా కూడా ఈ అద్దం అడ్డుకుంటుంది. బండి బోల్తా పడితే పైకప్పు కుంగకుండా సాయం చేస్తుంది.

తలుపులకు ఉండే అద్దం సాధారణంగా వేరే రకం. దాన్ని టఫెన్డ్ అద్దం అంటారు. అది పగిలితే పటికబెల్లం పలుకుల్లా రాలిపోతుంది. ముందు అద్దం అలా రాలిపోతే డ్రైవరుకు దారి కనపడదు. అందుకే 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు కారు ముందు అద్దం లామినేటెడ్ అద్దమే కావాలంటాయి. అద్దం గుండా నూటికి 70 వంతుల వెలుగు రావాలని కూడా అంటాయి.

ఒరిజినల్ అంటే ఏమిటి?

"కార్ల కంపెనీ అద్దం తయారు చేయదమ్మా" అన్నాడు పెద్దాయన. "అద్దాల కంపెనీ దగ్గర కొంటుంది."

ఆసాహీ ఇండియా, సెయింట్ గోబెయిన్ లాంటి కంపెనీలు మన దేశంలో కారు అద్దాలు చేస్తాయి. కార్ల కంపెనీలకు అమ్ముతాయి. తమ సొంత పేరుతో బజారులోనూ అమ్ముతాయి. కార్ల కంపెనీ పేరు కూడా ఉన్నదాన్ని ఒరిజినల్ అంటారు. దాని ధర ఎక్కువ. అద్దాల కంపెనీ పేరు మాత్రమే ఉన్నది బయటి అద్దం. ఏ పేరూ, ఏ మార్కూ లేనిది కూడా బయటి అద్దమే. కాబట్టి బయటి అద్దాలన్నీ చెడ్డవి కావు. అన్నీ మంచివీ కావు.

పెద్దాయన 5,200 అద్దం ఒకటి తెచ్చాడు. మూలన ఐ.ఎస్.ఐ. మార్కు ఉంది. రత్నమ్మకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివింది. 2, 5, 5, 3.

"అదే. ఐ.ఎస్. 2553, రెండో భాగం. బండ్ల అద్దాలకు పెట్టిన ప్రమాణం అది. పక్కన సి.ఎం./ఎల్. అని ఉందే, అది లైసెన్సు నంబరు" అన్నాడు పెద్దాయన. రత్నమ్మ ఆ నంబరు ఫోనులో కూతురికి చెప్పింది. కూతురు బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో చూసింది. అద్దం మీద ఉన్న కంపెనీ పేరే వచ్చింది.

"ఇంకో పరీక్ష ఉంది" అన్నాడు పెద్దాయన. అద్దాన్ని నిలబెట్టి పట్టుకున్నాడు. "ఇందులో నుంచి ఆ కరెంటు స్తంభం చూడండి. తల మెల్లగా ఆడించండి."

స్తంభం తిన్నగానే కనిపించింది. నాసి అద్దంలో గీతలు వంకర పోతాయి. రాత్రి ఎదురు లైట్లు చెదిరి కనిపిస్తాయి. డ్రైవరు కళ్లు అలిసిపోతాయి.

కోటేశ్వరరావు కూడా తల ఆడించి చూశాడు. "ఇదే వేయండి" అన్నాడు.

తొందర వద్దు

ఇప్పటి కార్లకు అద్దాన్ని జిగురుతో అతికిస్తారు. పాత జిగురు కోసి తీయాలి. తుప్పు ఉంటే గీకి శుభ్రం చేయాలి. కొత్త జిగురు గట్టిపడేదాకా బండి కదపకూడదు. జిగురును బట్టి ఈ సమయం మారుతుంది.

అద్దం బిగించేసరికి రెండయింది. "ఈ జిగురుకు నాలుగు గంటలు కావాలి. ఆరింటికి తీసుకెళ్లండి" అన్నాడు పెద్దాయన.

"అయిదింటికి బాడుగ ఉంది. మెల్లగా తోలుకుపోతా" అన్నాడు కోటేశ్వరరావు.

"జిగురు ఆరకుండా పోతే అద్దం ఊడిపోవచ్చు. ఎంత మంచి అద్దం కొని ఏం లాభం? ఆ కారులో ఎక్కేది పెళ్లివారయ్యా. పిల్లలుంటారు" అంది రత్నమ్మ.

కోటేశ్వరరావు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోను తీసి తోటి డ్రైవరుకు బాడుగ అప్పగించాడు. 1,800 రూపాయలు పోయాయి.

ఆరు దాటాక బిల్లు తీసుకుని బయలుదేరారు. చీకటి పడింది. ఎదురుగా లారీలు వస్తున్నాయి. దారి తేటగా కనిపిస్తోంది. ఇంటికి చేరాక రత్నమ్మ పుస్తకం తీసి ఆ రోజు లెక్క రాసింది.

గుర్తుంచుకోండి

1. ఒరిజినల్ అయినా, బయటిది అయినా లామినేటెడ్ అద్దమే కొనండి. ఐ.ఎస్.ఐ. మార్కు, కంపెనీ పేరు చూడండి.

2. మీ కారు మోడల్‌కు సరిపడే అద్దమే తీసుకోండి. కొన్ని కొత్త కార్లకు అద్దం వెనక కెమెరా ఉంటుంది. ఆ కెమెరాకు సరిపోయే అద్దమే వేయించాలి. వేశాక కెమెరాను సరిచూడమనాలి.

3. రూపాయి బిళ్లంత చిన్న దెబ్బను కొన్నిసార్లు మందు నింపి బాగు చేయవచ్చు. డ్రైవరు చూపుకు అడ్డంగా ఉన్నా, పొడుగు పగులైనా అద్దం మార్చాల్సిందే.

4. పూర్తి బీమా ఉంటే అద్దం తీయకముందే బీమా కంపెనీకి చెప్పండి.

5. బిల్లు తప్పకుండా తీసుకోండి.

చెప్పండి చూద్దాం

1. ముందు అద్దం పగిలినా ముక్కలు ఎందుకు రాలవు?

2. మొదటి కొట్టులో అద్దం రత్నమ్మ ఎందుకు కొనలేదు?

3. బాడుగ వదులుకోవడం మంచిదేనా? మీరైతే ఏం చేస్తారు?

లెక్క చేయండి

అద్దం 5,200. బిగింపు కూలి 800. పోయిన బాడుగ 1,800. మొత్తం ఎంత?