షరతు పెట్టి ఇచ్చే సాయం: షరతు ఎక్కడ ఉండాలి?



పేద కుటుంబానికి డబ్బిస్తూ, బిడ్డను బడికి పంపాలనో గర్భిణికి పరీక్షలు చేయించాలనో కోరడాన్ని షరతులతో కూడిన నగదు సాయం అంటారు. 1997లో మెక్సికో తన పల్లెల్లో ‘ప్రోగ్రెసా’ పేరిట దీన్ని ప్రారంభించింది. డబ్బు తల్లి చేతికే ఇచ్చింది. హైస్కూలు తరగతుల్లో ఆడపిల్లలకు కాస్త ఎక్కువే ఇచ్చింది. అంతకు ముందే, 1994లో, బంగ్లాదేశ్ పల్లెల్లోని హైస్కూలు ఆడపిల్లలకు స్టైపెండు మొదలైంది. 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, చదువు పూర్తయ్యేదాకా పెళ్లి చేయకపోవడం దాని షరతులు.

మన రాష్ట్రంలో 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది. తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు, ఒక తల్లికి ఒక బిడ్డకే. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం చదువుకునే ప్రతి బిడ్డకూ వర్తించింది. బడి నిర్వహణకు 2,000 పోగా తల్లికి 13,000 అందింది. రెండింటిలోనూ 75 శాతం హాజరు నియమం ఉంది.

హాజరు పట్టీ రాసే వాళ్లం కనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 165 రోజులు రావాలి. నెలజీతం వచ్చే ఇంటి పిల్లకు అది లెక్కే కాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి పనికోసం చెన్నైకో హైదరాబాదుకో వెళ్లే తల్లిదండ్రుల వెంట నెలల తరబడి పోయిన పిల్లకు అది అందదు. డబ్బు ఎవరికి ఎక్కువ అవసరమో వారే ముందు జారిపోతారు.

ఇంకో రకం షరతు ఉంది. 2022 అక్టోబరు 1 నుంచి అమలైన షాదీ తోఫాలో మైనారిటీ వధువుకు లక్ష రూపాయలు ప్రకటించారు. ఆమెకు 18, వరుడికి 21 ఏళ్లు నిండాలన్నారు. ఇద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్నారు. అబ్బాయి చదువును కూడా అడగడం మాకు నచ్చింది. పదిలోపే మెకానిక్ షెడ్డులో చేరే మన అబ్బాయిల సంగతి ఎవరు పట్టించుకున్నారు గనుక! అయితే అప్పటికే ఏడో తరగతిలో మానేసి కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి మాటేమిటి? ఆరో తరగతి పిల్లకు ఈ షరతు దారి చూపుతుంది. ఈమెకు మాత్రం గడిచిపోయిన రోజులకు వేసిన జరిమానా. అటువంటి అమ్మాయి చేత ఓపెన్ స్కూల్లో పదికి కట్టించవచ్చు, 14 ఏళ్లు నిండితే చాలు. ఆ ఫీజు, పుస్తకాల ఖర్చు మన సంఘం భరించదగినవే.

జకాత్ పేదవాడి హక్కు. దానిని అతని సొంతం చేయాలి గనుక, షరతుల ప్రస్తావన సదఖా నిధికే పరిమితం చేయడం మేలని మా అభిప్రాయం. తుది మాట ఉలమాలది.

2011 జనాభా లెక్కల్లో ఈ రెండు జిల్లాల్లో ముస్లింలు ఒక శాతం లోపే. ప్రభుత్వానికి దొరకని సౌకర్యం మనకిక్కడ ఉంది: ఏ పిల్ల ఎందుకు రాలేదో ఇంటికి వెళ్లి అడగగలం. అందుచేత హాజరు తగ్గగానే సాయం ఆపవద్దు, ముందు ఆ గడపకు వెళ్లాలి. చిన్న తమ్ముణ్ణి చూసుకోవడానికి ఆగిందా, బస్సు ఛార్జీలు లేకనా, పెళ్లి మాటలు నడుస్తున్నాయా? ఒక్కోదానికి చేయవలసింది వేరు.

మా చూపులో ఆడపిల్లలు ఎక్కువగా ఆగిపోయేది పది తరవాత, ఇంటర్‌కు పట్నం వెళ్లవలసి వచ్చినప్పుడు. కాబట్టి మనం పెట్టే షరతు కాలేజీలో చేరడమే కావాలి. సాయం మొదటి విడత ప్రవేశాల నాటికే, జూన్‌లోనే, తల్లి చేతికి అందాలి. అందుకు పది పరీక్షలు ముగిసిన వెంటనే, ఏప్రిల్‌లో, పేర్లు రాసుకోవాలి.